బైరాగి వేయించిన టైర్లు

విశ్వకర్మ పూజ నాడు హౌరా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే యార్డులో పని ఉండదు. షెడ్డులో బొమ్మ పెట్టి, పానాలకీ సుత్తులకీ బొట్లు పెట్టి, ప్రసాదం కిచిడీ తినేసి, మన శ్రీకాకుళం వాళ్లంతా క్వార్టర్ల గేటు పక్కనున్న నరసయ్య టీ కొట్టు దగ్గరికి చేరిపోతారు. చేరినవాళ్లలో బైరాగి ఉన్నాడంటే మిగిలినవాళ్లకి మాట్లాడే పని కూడా ఉండదు.

బైరాగి గూడ్సు బండ్ల చక్రాలు చూసే ఫిట్టరు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. గుండ్రంగా ఉండి తిరిగేది ఏదైనా సరే, దాని సంగతి తనకన్నా తెలిసినవాడు హౌరా జిల్లాలో లేడని ఆయన నమ్మకం. కుట్టు మిషను చక్రం దగ్గర్నుంచి జాతరలో రంగులరాట్నం దాకా దేని గురించైనా చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడు.

ఆ రోజు మాత్రం అడిగినవాడున్నాడు. ఆయన మేనల్లుడు యోగేశ్. నెల కిందట ఎవరో వాడిన ఎర్ర కారొకటి కొన్నాడు, జోరుగా పోయే రకం. రెండు టైర్లు బాగా అరిగిపోతే, తడి రోడ్డు మీద కూడా గట్టిగా పట్టుండే ఖరీదైన జత కొనిపించింది బైరాగే. “ఇంజిను ముందున్నాది, లాగేది ముందు సెక్రాలు. ఎనకవి బోగీల్లాంటివిరా, ఊరికే ఎంట ఒస్తాయి,” అని కొత్తవి ముందుకి వేయించి, మిగతా రెండు సగం అరిగినవాటిని వెనక్కి తోయించిందీ ఆయనే. నిన్న వానలో కోనా రోడ్డు మలుపు దగ్గర కారు వెనక భాగం జర్రున పక్కకి జారి, డివైడరుకి జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో యోగేశ్ భార్య అప్పలలక్ష్మి, ఆమె ఒళ్లో ఏడు నెలల బాబు ఉన్నారు. రేపు పొద్దున్నే అదే కారులో ఖరగ్‌పూర్ వెళ్లాలి. అక్కడ అప్పలలక్ష్మి తల్లి కాలు విరిగి మంచం మీద ఉంది, మనవణ్ని ఇంతవరకూ కళ్లతో చూడలేదు.

“మావా, ఎనకాల ఎందుకు జారినాది? రేపు బయల్దేరమంటావా వొద్దంటావా?” అని యోగేశ్ అందరి ముందూ అడిగేశాడు. బాబుని చంకనేసుకుని అప్పలలక్ష్మి అక్కడే నిలబడి ఉంది. బైరాగికి లోపల చురుక్కుమంది. తన టైర్లకి వంక పెట్టడమంటే తన ముప్పై నాలుగేళ్ల సర్వీసుకి వంక పెట్టడమే.

“ఎనక జారడమంటే నా దగ్గర సెప్తావేటిరా,” అన్నాడు టీ గ్లాసు అందుకుని, బల్ల మధ్యకి జరిగి. “వంతెన అవతల కలకత్తా బవానీపూర్‌లో రఘురాం గారని మన తెలుగాయన, బ్యాంకు ఆఫీసరు, నీకు తెల్దులే. ఆయనకో నల్ల కారుండేది, కాలేసి నొక్కితే ఎగిరిపోయేది, కానీ నాలుగు సినుకులు పడి ట్రాము పట్టా తడిసిందా, ఇంక సూడు, ఎనక భాగం తప్పెటగుళ్లోడి నడుంలాగ ఊగేది. నలుగురు మెకానిక్కులు సూసి సేతులెత్తేసినారు. ఆకరికి ఆయనే ఎతుక్కుంటా ఒచ్చి, బైరాగి గారూ మీరే దిక్కు అన్నాడు. గారూ అన్నాడు, ఇన్నావా నరసయ్యా?”

“ఇన్నాను. టీ సల్లారిపోతన్నాది,” అన్నాడు నరసయ్య.

“నాను కారు సుట్టూ ఒక్క సుట్టు తిరిగేను. ఎనక టైరు మీద గోరు పెట్టి నొక్కేను. దిగనేదు. రబ్బరు వొయసైపోయి రాయిలాగయిపోనాది. ఇది టైరు కాదు బాబూ, తిరగలి రాయి, తడి మీద జారక ఏటి సేస్తాది అన్నాను. అంతే, నా రెండు సేతులూ అట్టుకున్నాడు.”

అంతవరకు నిజమే. రఘురాం గారున్న మాట నిజం, ఆ టైరు మీద బైరాగి గోరు నొక్కిన మాటా నిజం. ఆ తర్వాత ఆయన ఏ కొట్టుకి వెళ్లాడో ఏ టైర్లు వేయించుకున్నాడో బైరాగికి తెలీదు. తెలీనిచోట ఆగిపోయే అలవాటు మాత్రం ఆయనకి లేదు.

“ఆ తర్వాత ఏటైందో తెలుసా? మల్లిక్‌బజార్ టైర్ల కొట్టుకి నన్ను ముందు సీట్లో కూకోబెట్టుకుని తీసుకెల్లేడు. కొట్టాయన బెంగాలీ. ఎలాంటిది కావాల దాదా అన్నాడు. నాను మాటాడనేదు. జేబులోంచి సుత్తి తీసేను. యార్డులో బండొచ్చి ఆగితే ఏటి సేస్తాం, సెక్రానికీ సెక్రానికీ సుత్తితో కొట్టి మోత ఇంటాం, పగులుంటే మోత సచ్చిపోతాది. అలగే కొట్టులో ఉన్న రెండొందల పద్నాలుగు టైర్లూ వొరసగా కొట్టుకుంటా పోయేను. రెండొందల పన్నెండు డొప్పు డొప్పుమన్నాయి. రెండే రెండు, ఏటన్నాయో తెలుసా? మా అన్నాయి.”

“టైరు మా అన్నాదా?” అన్నాడు యోగేశ్.

“బెంగాల్ టైర్లు గదరా, అమ్మా అంటాయేటి. ఆ రెండూ దింపించేను. ముట్టుకుంటే ఎన్న. ఆటి మీద గాడులు ఎలగున్నాయంటే, వాన నీళ్లొచ్చి దారి అడిగితే ఇటు పొండి బాబూ అని పక్కకి పంపించేసినట్టున్నాయి. రెండూ ఎనక సెక్రాలకి ఏయించేను. గాలి నానే పట్టేను, ఒక్క పాయింటు ఎక్కువ నేదు తక్కువ నేదు. మొదటి రోజు రఘురాం గారు ఫ్లైవోవరు ఎత్తులో కారాపి, హ్యాండ్ బ్రేకు మర్సిపోయి దిగిపోనాడు. మూడ్రోజులకి గుర్తొచ్చి పరిగెట్టుకెల్తే కారు అంగుళం కదల్నేదు. ట్రాఫిక్కోడు లాగించడానికి క్రేను తెచ్చి, ఆ క్రేనే పైకి లేచిపోనాదని ఎలిపోనాడంట.”

“క్రేను లేచిందా, కారు లేవలేదా,” అని వెనక బల్ల మీద ఎవరో నవ్వారు.

నవ్వు బైరాగికి నూనె. ఆయన పంచె సర్దుకుని కాలు మీద కాలేసుకున్నాడు. బాబు కూడా నోరు తెరుచుకుని ఆయన చేతులకేసే చూస్తున్నాడు. అప్పలలక్ష్మి ముఖం మాత్రం నవ్వట్లేదని ఆయన గమనించాడు, గమనించనట్టే ఉండిపోయాడు.

“అది మొదటి రోజురా. రబ్బరు వేడెక్కితే పట్టు పెరుగుతాది, అది మీకు తెల్దు. రెండో వారం కాలీఘాట్ దగ్గర తిప్పుతుంటే ట్రాము పట్టాలు టైర్లకి అతుక్కుని రోడ్డులోంచి ఊడొచ్చేసినాయి. రఘురాం గారు ఎనక్కి సూసుకోకుండా తోలుతుంటే, పట్టాలెంట ట్రామూ వస్తన్నాది, ట్రాములో జనమూ వస్తన్నారు. మన సంత్రాగాఛి దాకా ఒచ్చేసినాక కండక్టరు దిగి, దాదా, ఈ స్టాపు మా టికెట్టులో నేదు అన్నాడు.”

“మరి మన దగ్గర ట్రాము ఎవరూ సూడనేదేటి?” అన్నాడు నరసయ్య.

“నువ్వు ఆ రోజు పాలకెల్లేవు. ఆ తర్వాత ఏటైందో తెలుసా? అసలుది ఇప్పుడున్నాది. వాన దంచేస్తన్నాది. రెండో హుగ్లీ వంతెన మీద ఇటు తిరిగి నిలబెట్టి, బైరాగి గారూ ఒక్కసారి మీరు తోలండి అన్నాడు. నాను కూకున్నాను. కాలెట్టి నొక్కేను. ఇంజిను అరుస్తన్నాది, సెక్రాలు తిరుగుతన్నాయి, కారు మాత్రం ఉన్నకాడే ఉన్నాది. ఏటీ అని తల బయటెట్టి సూద్దును గదా, పట్టు ఎక్కువైపోయి కారు కదలడం మానేసి వంతెన కదుల్తన్నాది. సాప సుట్టినట్టు రోడ్డు సుట్టుకుంటా ఎనక్కి ఎలిపోతన్నాది, ఆ రోడ్డెంట హౌరా మొత్తం మా మీదికి ఒచ్చేస్తన్నాది. ముందు టికియాపారా ఒచ్చింది. దానెనకాల మన స్టేషను, మన క్వార్టర్లు, ఈ టీ కొట్టు, కొట్టులో నరసయ్య. ప్లాట్‌ఫారం మీద లోకలు కోసం నిలబడ్డోల్లు నిలబడినట్టే బవానీపూర్‌లో దిగి సందేశ్ మిఠాయి కొనుక్కున్నారు. రైల్వే సరిత్రలో జనం ముందు దిగి, బండి తర్వాత ఒచ్చిన రోజు అదొక్కటే.”

కొట్టంతా ఘొల్లుమంది. నరసయ్య జల్లెడ పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

“మరి ఎనక్కి ఎలగెల్లేం మావా?” అన్నాడు యోగేశ్. నవ్వుతూనే అడిగాడు, నిన్నటి భయం సగం మరిచిపోయినట్టున్నాడు.

“దిగి, ఎనక టైర్లలో రెండు పాయింట్లు గాలి ఎక్కువ పట్టేను. పట్టు తగ్గినాది, హౌరా ఎనక్కి ఎలిపోనాది. రెండు మూరలు తక్కువ ఎలిపోనాదనుకో. పోలీసు కమిషనరే ఒచ్చి దండం పెట్టేడు, బాబూ, ఈ టైర్లు ఈ ఊరికి ఎక్కువ అని. సెక్రమంటే అలగుండాల. అదీ నా సెయ్యి. ఇంక నీ కారు సంగతంటావా, రేపు నిశ్చింతగా బయల్దేరు.”

బైరాగి గ్లాసు ఎత్తి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు నిలబడిపోయిందని గుండె నిండుగా ఉంది.

అప్పలలక్ష్మి బాబుని ఈ చంకలోంచి ఆ చంకకి మార్చుకుంది. “మావయ్యా,” అంది. “ఆ రఘురాం గారి కారు ఎనకాల జారితే కొత్తవి ఎనక సెక్రాలకి ఏయించేవు. మాకు ముందుకి ఏయించేవు. ఏది ఒప్పు?”

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బైరాగి గ్లాసు కింద పెట్టాడు. “ఆ కారు ఏరు, ఈ కారు ఏరమ్మా. ఇంజిను లాగితే ఎనకవి ఎంట...”

“సరే మావయ్యా. నువ్వు నిశ్చింతగా ఎల్లమంటన్నావు గదా. మాతోటి రా. నాను ముందు కూకుంటాను, నువ్వు ఎనక సీట్లో బాబుని ఒళ్లో ఎట్టుకుని కూకో. ఖరగ్‌పూర్ దాకా.”

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే పిలిచింది. బాబు ఆయనకేసి రెండు చేతులూ చాపాడు.

“ముందు సీటు కాళీ నేదేటి?” అనేశాడు బైరాగి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అన్న మాట అన్నాక బైరాగికే వినబడింది. కుర్ర ఫిట్టరుగా ఉన్నప్పుడు గూడ్సు బండి ఆఖర్న గార్డు డబ్బాలో కూర్చుని ఖరగ్‌పూర్ దాకా వెళ్లిన రోజులు నడుములోంచి లేచొచ్చాయి. ఇంజినువాడికి ఏమీ తెలిసేది కాదు. ఊగేదంతా తోకలోనే. అది కూడా పట్టాల మీద.

ఆయన లేచి నిలబడ్డాడు. “తప్పు నాదేరా,” అన్నాడు యోగేశ్‌తో. “బోగీకి కింద పట్టా ఉంటాది, ఎటూ పోదు. నీ కారుకి ఎనకాల అట్టుకునేది ఆ టైరొక్కటే. కొత్తవి ఎనక్కి ఎల్లాల. జాకీ తియ్యి.”

“పూజ నాడు పనిముట్టు ముట్టుకుంటావేటి?” అన్నాడు నరసయ్య మెల్లగా.

బైరాగి షెడ్డులోకి పోయి, బొమ్మ ముందున్న పానా మీద చెయ్యేసి ఒక్క నిమిషం నిలబడి, తీసుకొచ్చేశాడు. గంటలో కొత్తవి వెనక్కీ పాతవి ముందుకీ వెళ్లాయి. నాలుగింటికీ కారు తలుపు మీద అంటించి ఉన్న చీటీలోని లెక్క ప్రకారం గాలి పట్టించాడు. సుత్తి బయటికి తియ్యలేదు. బోల్టులు బిగిస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. జనం ఆశగా చూసి చూసి టీలు చెప్పుకున్నారు.

అప్పటికి వాన మళ్లీ పట్టుకుంది. బైరాగి బొట్టంటిన చేతులు పంచెకి తుడుచుకుని, బాబుని తల్లి దగ్గరే ఉంచమని, తానొక్కడే వెనక సీట్లోకి ఎక్కాడు. “నిన్న జారిన మలుపుకే పోనీ. నెమ్మదిగా మొదలెట్టు, తర్వాత నిన్న ఎంత జోరో అంత,” అన్నాడు. ఎర్ర కారు గేటు దాటి కోనా రోడ్డు వైపు తిరిగింది. అప్పలలక్ష్మి రేకు కింద నిలబడి అటే చూస్తూ ఉండిపోయింది.

ఇరవై నిమిషాలకి తిరిగొచ్చారు. ముందు యోగేశ్ దిగాడు. తర్వాత బైరాగి దిగాడు. తడుస్తూనే బల్ల దగ్గరికి వచ్చి, నడుం తిన్నగా పెట్టి కూర్చున్నాడు. కొట్టు కొట్టంతా ఆయన నోటికేసి చూసింది. నరసయ్య పొగలు కక్కే గ్లాసు చేతికిచ్చి, “ఊఁ, సెప్పు. మలుపులో ఏటైంది?” అన్నాడు.

బైరాగి అప్పలలక్ష్మి వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అంత గర్వంగా ఆయన ఏ కథా చెప్పలేదు.

“ఏటీ అవనేదు,” అన్నాడు.