పొద్దున్నే వచ్చే ఎర్రర్

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: మేడ మీద బట్టలు ఆరేస్తున్న అమ్మ, వరండాలో బూట్లకు పాలిష్ వేసుకుంటున్న అన్నయ్య, అన్నయ్య గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న వదిన, ఆమె కుర్చీ వెనక నిలబడ్డ నేను. నాన్న అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. వీళ్ళు కాక కంప్యూటర్లో ఒక పురుగు కూడా ఉందని ఇంట్లో అందరూ నమ్ముతున్నారు.

"ముట్టుకోకండి వదినా."

"ముట్టుకోకుండా బాగుచేయడం ఎలాగో నువ్వే చెప్పు."

"అన్నయ్య పిలుస్తాడు. నేను వచ్చి చూస్తాను. రోజూ అంతే."

"అదే అంటున్నా. రోజూ చూస్తున్నావు, రోజూ వస్తోంది. సోమవారం నుంచి నా పని దీని మీదే. బీరువాలూ అల్మారాలూ గీసి వర్క్‌షాపుకి పంపాలి. సగం గీశాక ఇది నా బొమ్మలన్నీ మింగేస్తే?"

"మింగదు. మధ్యలో రాదు. ఆన్ చేసినప్పుడు ఒక్కసారే వస్తుంది."

"చూశావా, నీకన్నీ తెలుసు. కూర్చో, ఇద్దరం కలిసి చూద్దాం."

"ఎక్కడ కూర్చోను?"

"మంచం మీద కూర్చో."

"నేనెప్పుడూ ఆ కుర్చీలోనే కూర్చుంటాను."

"కుర్చీ ఒక్కటే ఉంది కదా అమ్మడూ."

"అవును. ఒక్కటే ఉంది."

"సరేలే, నిలబడే చెప్పు. ఈ ఎర్రర్ ఎప్పుడు మొదలైంది?"

"మీరు వచ్చినప్పుడు."

"నేనా? నేనేం చేశాను?"

"మీరని కాదు. మీ పెళ్ళి ఫొటోలు స్టూడియో నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాం కదా. దాంతో వచ్చింది."

"వైరసా?"

"వర్మ్. పురుగు. ఒక పెన్‌డ్రైవ్ లోంచి ఇంకో దాంట్లోకి పాకుతూ పోతుంది. లోపలున్న ఫోల్డర్లన్నీ దాచేసి, వాటి పేర్లతోనే ఉత్తుత్తి షార్ట్‌కట్లు పెడుతుంది. మనం ఫొటోలే కదా అని నొక్కుతాం. నొక్కగానే కంప్యూటర్లోకి దూరిపోతుంది. ఆ తర్వాత ఏ పెన్‌డ్రైవ్ పెడితే దాంట్లోకి."

"అబ్బో. నీకింత మాట్లాడటం వచ్చా? పెళ్ళైన దగ్గర్నుంచీ నాతో నాలుగు మాటలైనా మాట్లాడలేదు నువ్వు."

"అవసరం రాలేదు."

"మీ అన్నయ్య చెప్పారులే. మా చెల్లి నోటితో మాట్లాడదు, డైరీతో మాట్లాడుతుంది అని."

"అది కూడా చెప్పేశాడా?"

"ఏం, చెప్పకూడదా?"

"ఏం లేదు. ఇంకేం చెప్పాడు?"

"చాలానే. చిన్నప్పుడు రేడియో విప్పేసి, మళ్ళీ బిగించడం రాక మంచం కింద దాచావట. మీ నాన్నగారు ఇల్లంతా వెతికారట."

"అది మా ఇద్దరికే తెలుసు."

"ఇప్పుడు ముగ్గురికి తెలుసు. నవ్వవేం? ఊరికే అన్నాను. సరే, ఆన్ చేస్తున్నా, చూడు."

"అన్నయ్య రానివ్వండి."

"ఆయనొచ్చి చేసేదేముంది? అదిగో, వచ్చింది. 'స్క్రిప్ట్ ఫైలు దొరకలేదు.' కింద ఓకే అని ఉంది. నొక్కనా?"

"వద్దు. వద్దు వదినా."

"నొక్కితే ఏమవుతుంది?"

"ఫొటోలు పోతాయి."

"ఓకే నొక్కితే ఫొటోలు పోతాయా?"

"పోవచ్చు."

"పోతాయా, పోవచ్చా?"

"అన్నయ్యకి అలాగే చెప్పాను."

"అన్నయ్యకి ఏం చెప్పావని నేనడగలేదు. నొక్కేశాను."

"నొక్కేశారా?"

"నొక్కాను. బాక్స్ పోయింది. ఫొటోలు చూద్దాం ఉండు. ఇదిగో నేను. ఇదిగో మీ అన్నయ్య. ఇదిగో మీ అమ్మగారు. అన్నీ ఉన్నాయి కదా. ఈ మోచెయ్యి ఎవరిది?"

"నాదే."

"మొహం ఏదీ?"

"మీ అక్క అడ్డం వచ్చింది."

"అయ్యో. ఇంకోదాంట్లో ఉంటావులే."

"లేను. అన్నీ చూశాను."

"సరే, ఒకటడుగుతాను. ఓకే నొక్కితే పోయేదానికి రోజూ నువ్వొచ్చి అంతసేపు ఏం చేస్తావు? నేను జుట్టు ముడి కూడా వేసుకోకముందే వస్తావు. మమ్మల్ని పక్కకి జరగమంటావు. ఏదో పెన్‌డ్రైవ్ పెడతావు. టకటకా ఏదో కొడతావు. మీ అన్నయ్య నీ వెనక నిలబడి, ఆపరేషన్ ఎలా జరుగుతుందో అన్నట్టు చూస్తుంటారు."

"మందు వేస్తాను."

"మందా?"

"అంటే స్కాన్ చేస్తాను."

"అయితే నేనూ చేస్తాను. ఇదిగో, పెట్టాను. దాచినవి కూడా చూపించమని పెట్టాను. తిరగనీ."

"చాలాసేపు పడుతుంది. మీకు వంటింట్లో పనుందేమో."

"లేదు."

"అమ్మ పిలిచినట్టుంది."

"మీ అమ్మగారు మేడ మీద ఉన్నారు. నన్ను ఇక్కణ్ణుంచి లేపాలని చూస్తున్నావు కదూ?"

"అయిందా డాక్టరమ్మా? ఇక్కడ వరండాలో నా ఒక బూటు పాలిష్ కూడా అయిపోయింది."

"అయిపోతోందండీ."

"ఇంకా అవలేదన్నయ్యా."

"ఇద్దరూ చెరో మాట చెబితే ఎలా? ఎవరో ఒకరు తేల్చండి. నా రెండో బూటు ఎక్కడుందో కూడా చెప్పండి."

"బల్ల కింద ఉందండీ."

"బల్ల కిందే ఉందన్నయ్యా."

"ఈ మాట మాత్రం ఇద్దరూ ఒకేలా చెప్పారు. కానివ్వండి, కానివ్వండి."

"అన్నయ్య అడిగింది నన్ను."

"నన్నేమో?"

"డాక్టరమ్మ నేను. రేడియో అప్పటి నుంచీ నేనే."

"ఇప్పుడు కుర్చీలో ఉన్నది నేను కదా."

"కుర్చీలో కూర్చుంటే అయిపోతారా?"

"కోపం కూడా వస్తుందన్నమాట నీకు. ఇటు చూడు, స్కాన్ అయిపోయింది. ఏమీ లేదు. పురుగు లేదు, దాని గుడ్డు కూడా లేదు."

"ఎక్కడో దాక్కుని ఉంటుంది."

"దాక్కోవడానికి చోటే లేదు. ఇదేంటో తెలుసు కదా, స్టార్టప్ లిస్టు. కంప్యూటర్ లేవగానే ఎవరెవర్ని లేపాలో ఇక్కడ ఉంటుంది. ఇది సౌండుది. ఇది ప్రింటర్‌ది. అర్థంపర్థం లేని అక్షరాలతో ఈ లైను ఎవరిది?"

"తెలీదు."

"దీని ఫైలు ఈ ఫోల్డర్లో ఉందంటోంది. ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. ఎవరో తీసేశారు అమ్మడూ. ఎంత బాగా తీశారంటే, దాచిన ఫోల్డర్లన్నీ బయటికి తెచ్చారు, ఉత్తుత్తి షార్ట్‌కట్లు ఒక్కటి మిగల్చకుండా ఏరేశారు. అంత పని వచ్చినవాళ్ళు ఈ ఒక్క లైను తీయడం మర్చిపోతారా?"

"మర్చిపోవచ్చు."

"మీ స్కూల్లో ఎవరైనా టీసీ తీసుకుని వెళ్ళిపోతే హాజరు పట్టీలో పేరు కొట్టేస్తారు కదా. ఇక్కడ కొట్టేయలేదు. కంప్యూటర్ రోజూ పొద్దున్నే లేచి ఆ పేరు పిలుస్తుంది. పలికేవాళ్ళు లేరు. లేరని బాక్స్ వేసి చెబుతుంది. ఇంతేనా దీని జబ్బు?"

"ఇంతే."

"నీకు ముందే తెలుసు."

"ఎండ కళ్ళలో పడుతోంది, కర్టెన్ వేయనా?"

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"పురుగుని తీసింది నువ్వే."

"ఫొటోలు తెచ్చిన రోజే తీశాను."

"మరి లైను ఎందుకు ఉంచావు?"

"అది ఏమీ చేయదు. దాని వల్ల ఏ నష్టమూ లేదు. బాక్స్ వస్తుంది, అంతే."

"ఎందుకు ఉంచావని అడిగాను."

"అది రాకపోతే పిలవడు."

"ఎవరు?"

"ఇదివరకు జడ పట్టి లాగి లేపేవాడు. బల్బు మార్చాలన్నా, ఫ్యాన్ చప్పుడు చేస్తోందన్నా, 'డాక్టరమ్మా, రావే' అని. నేను స్టూలు పట్టుకుంటే తను ఎక్కేవాడు. ఇప్పుడు స్టూలు మీరు పట్టుకుంటున్నారు."

"నేను కావాలని పట్టుకోలేదు."

"నాకు తెలుసు. మీరు పక్కనే ఉంటారు, మిమ్మల్నే పిలుస్తాడు. కానీ కంప్యూటర్ ఒక్కటీ నాకు మిగిలింది. రోజుకి ఒక్క బాక్స్ వదినా. మిగతా అన్నయ్య అంతా మీకే ఉన్నాడు."

"ఏడవకు."

"ఏడవట్లేదు. అన్నయ్యకి చెప్పకండి."

"చెప్పను."

"నిజంగా?"

"చెప్పనన్నాను కదా."

"అయితే ఆ లైను అలాగే ఉంచండి. మీ పనికి అడ్డం రాదు. ఓకే నొక్కితే పోతుంది. మీరు చూశారు కదా."

"తీసేశాను."

"ఏంటి?"

"నువ్వు స్టూలు సంగతి చెబుతున్నప్పుడే తీసేశాను. ఇప్పుడు ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తున్నా."

"వదినా, వద్దు."

"చూడు. లేస్తోంది."

"వస్తుంది."

"చూద్దాం."

"వస్తుంది చూడండి. ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది."

"సౌండ్ వచ్చింది. ప్రింటర్ వచ్చింది."

"ఇంకొంచెం ఆగండి."

"రాలేదు అమ్మడూ. ఇక రాదు."

"మీరు మంచివాళ్ళనుకున్నాను."

"నేనూ నిన్ను చిన్నపిల్లవనే అనుకున్నాను. పద, బయటికి పద."

"ఎందుకు? ఇంకా అన్నయ్యకి చెప్పలేదు, బాగైందని."

"నేను చెబుతాను. గుమ్మం దాటు. ఆఁ, అక్కడ నిలబడి విను. ఓకే నొక్కితే ఆ బాక్స్ పోతుందని మీ అన్నయ్యకి తెలీదనుకుంటున్నావా?"

"తెలీదు. నేను చెప్పలేదు."

"నేను చెప్పాను. వచ్చిన కొత్తలోనే ఆయన ముందే నొక్కి చూపించాను. ఇంతేనండీ, ఫొటోలకేమీ కాదు, పాపం పొద్దున్నే మీ చెల్లినెందుకు లేపుతారు అన్నాను. సరే అని తలూపారు. మర్నాడు లేచి మళ్ళీ నిన్నే పిలిచారు."

"తెలిసే పిలిచాడా?"

"ఆ మర్నాడూ పిలిచారు. నిన్నా పిలిచారు."

"వదినా, అన్నయ్యకి తెలుసా?"

"ఇందాక డాక్టరమ్మా అంటే నేను పలికాను చూడు. అది నన్ను కాదని నాకు తెలుసు. ఒక్కసారైనా నన్ను అలా పిలవలేదు ఆయన. పలికితే ఎలా ఉంటుందోనని పలికాను."

"మీరు ఈ మాట ముందే చెప్పొచ్చు కదా."

"పిలిపించుకోవాలని నీకొక్కదానికే ఉంటుందా? ఆయన కళ్ళు తెరవగానే పక్కన నేనుంటాను. నోరు తెరవగానే నీ పేరు వస్తుంది. రేపు పొద్దున ఎవరి పేరు వస్తుందో నేనూ చూస్తాను. ఆ చెయ్యి తియ్యి, తలుపు వేస్తున్నాను."