కాగితమంత సందు

హలో… ఆ, నేనే… నాలియాకా కాదు బాబూ, వాళ్ళమ్మని.

పెట్టెయ్యకండి! అల్లుడుగారూ, పెట్టెయ్యకండి! — హలో? హలో?… ఆ. ఉన్నారా. హమ్మయ్య.

నంబరా… అమ్మాయినడిగి తీసుకున్నా.

తప్పేం లేదు. అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూడకూడదన్నారు గానీ, ఫోన్లో మాట్లాడుకోకూడదని మన తాతల్లో ఎవరూ అనలేదు… అవును, తాతలకి ఫోన్లు లేవు. అందుకే అనలేదు. అది మన అదృష్టం.

ఎక్కడున్నారు ముందు చెప్పండి. ఆ హోరేమిటి, గాలా?… లారీనా! చెరకు లారీ ఎక్కేశారా!… వంతెన కూడా దాటేశారా! అయ్యో అయ్యో. నన్ను చూసి అంత పరుగా?

దిగి వెనక్కి రాలేరా?… డ్రైవరు ఆపడా. అరిచినా వినబడదా… ఓహో, మీరు పైన ఉన్నారా. చెరకు మీద. గట్టిగా పట్టుకోండి మరి.

లేదు, చూడలేదు. ప్రమాణంగా మీ మొహం చూడలేదు. గేటు తీసేసరికి ఒక వీపు మొక్కజొన్నలోకి దూకుతూ కనబడింది, అంతే… నిక్కరా? నిక్కరు కూడా చూడలేదు లెండి. నూనె అంటకూడదని తీసిపెట్టిన మీ ప్యాంటు కంచె మీద ఉంది, దాన్ని మాత్రం చూశా. ప్యాంటు చూస్తే దోషం లేదుగా.

ఆ, పదింటిదాకా రానన్న మాట నిజమే. నేను చర్చిలో ఆడవాళ్ళ మీటింగులో కూర్చోవాలి, మీరొచ్చి బండి బాగుచేసి, నేనొచ్చేలోగా వెళ్ళిపోవాలి. అమ్మాయి అలాగే చెప్పింది… మరి మా అధ్యక్షురాలే ర్యాలీకి పోతే ఇంకేం మీటింగు! పాట సగంలో ఆపేసి తలుపుకి తాళం వేశారు.

సరే, అదలా ఉంచండి. ఇప్పుడు నా సంగతేమిటి? బండి పేగులు బయటపెట్టుకుని కూర్చుంది. ప్లగ్గు గుడ్డమీద ఉంది. పక్కన రెండు కన్నాలు. పైన ఒక మూత తీసుంది, ఒకటి తీయలేదు. పానాలు నేలమీద.

రేపా? రేపటిదాకా ఎలా ఆగను! బరాజా ఇవాళ… అమ్మాయి చెప్పలేదూ? మా మరిది సికుకు గట్టు జరిపాడు. కంచె తెచ్చి నా అరటి మధ్యలో పాతాడు. ఊట కూడా వాడివైపే పోయింది. ఇవాళ పంచాయితీలో చీఫ్ గారి ముందు తేలుస్తారు. పేరు పిలిచినప్పుడు మనిషి పలకాలి. పలకలేదా, కంచె ఉన్నచోటే ఉంటుంది. ఇక దాన్ని దేవుడు కూడా పీకలేడు.

నడిచి వెళ్ళనా? నడిస్తే నేను చేరేసరికి కుర్చీలు కూడా ఎత్తేస్తారు.

కిరాయికెక్కించుకునే బోడా బండి ఒక్కటి లేదు నాయనా. స్టాండంతా ఖాళీ. ర్యాలీకొస్తే పెట్రోలు ఊరికే పోస్తామన్నారట. కుంటి బండ్లు కూడా నెట్టుకుంటూ వెళ్ళారు.

నడపడం నాకొచ్చు. మీ మామగారున్నప్పుడే నేర్చుకున్నా. కాఫీ మూటలు వేసుకుని సొసైటీకి నేనే వెళ్ళేదాన్ని… ఆ, స్టార్టు కాకపోవడమే రోగం. కిక్కు కొట్టీ కొట్టీ మోకాలు అరిగింది. సికుకు ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు — అన్న పోయాడు, బండీ పోయింది, ఇక వదిన ఎక్కడికి కదుల్తుందని.

కాబట్టి మీరు చెప్పండి, నేను చేస్తా. చేతులు నావి కాదు, మీవే అనుకోండి… అబ్బే, తప్పు దొర్లింది. చేతులు నావే, తల మీది. చెప్పండి.

స్పీకర్ పెట్టి సీటు మీద పెడుతున్నా. వినబడుతోందా?

ఆ… ముందువైపు మూత. దాన్ని… దాన్నేం చెయ్యాలి?… ఏమిటి? గొణక్కండి, గాలికి పోతోంది… “కొంచెం అలా”నా? ఎలా?

విప్పాలా? అదేదో తిన్నగా అనొచ్చుగా!… ఓ. అత్తతో “విప్పండి” అనలేరా. ఎంత మర్యాదస్తులండీ! సరే, “తెరవండి” అనండి. “తెరవండి” చర్చిలో కూడా అంటారు.

తెరిచా. లోపల కోడిముక్కులాంటిది ఉంది. వెనకవైపూ అలాంటిదే.

ఆ… ఇది టాపెట్. కింద వాల్వ్. ముక్కు వచ్చి వాల్వ్‌ని పొడుస్తుంది… రెంటి మధ్యా సందుండాలి. ఉన్నది పూడిపోయింది, అందుకే లేవట్లేదు. ఊఁ, అర్థమైంది. ఇంతేనా? దీనికే నాలుగు నెలలు నా మోకాలు తిన్నదా?

పక్కన పెద్ద కన్నం… లోపల నట్టు. పానా పెట్టి తిప్పనా. ఎటు?… గడియారానికి ఎదురు. చిన్న కన్నంలో గీత, పక్కన అక్షరం వచ్చేదాకా.

తిరుగుతోంది… తిరుగుతోంది… నూనెలో ఏం కనబడి చస్తుంది… ఆగండి, కట్టుకున్న లెసో కొసతో తుడుస్తా… ఆ! వచ్చింది. గుర్తు మీద గీత కూర్చుంది.

ఇప్పుడు కోడిముక్కుల్ని పట్టుకుని ఊపాలా… ఊగట్లేదు. రెండూ బిర్రుగా ఉన్నాయి. మా మరిది మొహంలా ఉన్నాయి.

వదులు చేసేయనా? స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది… ఏయ్ ఏయ్ అంటారేమిటి! చెయ్యలేదు. ఇంకా చెయ్యలేదు. అరవకండి, చెరకు మీంచి పడతారు.

ఓహో… గీత రెండుసార్లు వస్తుందా. ఒకసారి నిజం గీత, ఒకసారి అబద్ధం గీత. ఇది అబద్ధంది. పొగ బయటికి పోయేటప్పటిది… అప్పుడు రెండు వాల్వ్‌లూ బిర్రుగానే ఉంటాయా. అక్కడ వదులు చేస్తే చెడిపోతుందా. చూశారా, నోరు తెరిచి అరిచారు కాబట్టి బతికింది. మర్యాదకి గొణిగుంటే ఈపాటికి అయిపోయేది నా పని.

ఇంకో పూర్తి చుట్టు. సరే… తిరుగుతోంది… గీత వచ్చింది.

వెనకది ఊగుతోంది! కాస్త. టిక్ టిక్‌మని… ముందుది ఊగట్లేదు. అదే రోగిష్టిదా? పొగ వైపుది. సరే.

ఆ, నట్టు వదులు చేశా. మధ్యలో చిన్న స్క్రూ. తిప్పితే సందు పెరుగుతుంది, తగ్గుతుంది… ఎంత పెట్టాలి?

రేకుల కట్టా? ఇక్కడేం లేదు. పానాలున్నాయి, స్క్రూడ్రైవర్, మీ ప్యాంటు… మీ చేతిలో ఉందా! కొలిచే రేకులు పట్టుకుని లారీ ఎక్కారా! బాగుంది. వంటమనిషి గరిటె పట్టుకుని పారిపోయినట్టుంది.

కాగితమా… వార్తాపత్రిక. ఒక్క పొర, ముడత లేనిది. గోడకంటించినవి జిగురు పట్టాయి… ఉండండి, ఉప్పు చుట్టిచ్చిన పేపరు ఉంది.

ఇదిగో. ఎవరో నాయకుడి బొమ్మ… అరె, ఇవాళ ర్యాలీ ఈయనదే! నా బోడాలన్నీ పట్టుకుపోయాడు. పోన్లే, కాగితంగానైనా పనికొస్తాడు. చెవి దగ్గర్నుంచి కత్తిరిస్తున్నా. వేలెడంత చాలా?… చాలు.

సందులో పెట్టా. స్క్రూ మెల్లగా బిగిస్తూ, కాగితం లాగుతూ ఉండాలా… ఎంత బిర్రు?… కట్టిన పుస్తకంలోంచి కాగితం లాగినట్టు. రావాలి, కానీ పట్టుకుని రావాలి. చిరక్కూడదు, జారిపోకూడదు.

ఊఁ… ఇలా… ఇంకొంచెం… ఛీ! ఛీ! పో!… మిమ్మల్ని కాదు, మేకని. కంచె దగ్గరికి పోయింది… ఏం లేదు లెండి, ఆకులు తింటోంది… లేదు, ఆకులు కాదు. ప్యాంటే. ఒక్క జేబు. జేబులో ఏమైనా ఉన్నాయా?… ఏమీ లేవా, అయితే తిననివ్వండి, నా చేతులు ఖాళీగా లేవు.

కుదిరింది. కాగితం పట్టుకుని వస్తోంది. ఇప్పుడు నట్టు బిగిస్తున్నా…

బిగిసింది. కానీ కాగితం రావట్లేదు అల్లుడుగారూ! మింగేసింది!… ఓ. నట్టుతోపాటు స్క్రూ కూడా తిరిగిందా. స్క్రూని స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పానా. అర్థమైంది. పిల్లని ఒడిలో పట్టుకుని జడ వేసినట్టు. నాలియాకాకి ఎన్నిసార్లు వేశానో! తల తిప్పనిచ్చేది కాదు.

మళ్ళీ… కాగితం… స్క్రూ… పట్టుకున్నా… పానా… ఊఁఁ…

వస్తోంది! పట్టుకుని వస్తోంది!

ఇంకాస్త బిగిస్తే చప్పుడే ఉండదు కదా? మీ మామగారికి చప్పుడుంటే చిరాకు… ఏమిటి? చప్పుడుండాలా? కొంచెం టిక్కుటిక్కుమనాలా… నోరు మూయిస్తే వేడెక్కినప్పుడు సాగడానికి చోటుండదు, వాల్వ్ కాలిపోతుంది. ఓరి దేవుడా! అయితే ఆయనే కాల్చుకుంటూ వచ్చారన్నమాట. ప్రతి ఆదివారం బిగించేవారు. “చూడు, పిల్లిలా ఉంది బండి” అని మురిసిపోయేవారు.

మరీ దగ్గరైతే కాలుతుంది, మరీ దూరమైతే లొడలొడా. అంటే మన వరసే అన్నమాట, మీదీ నాదీ.

నవ్వారు! విన్నా, నవ్వారు!… సరే సరే, దగ్గే. లారీ దుమ్ము.

వెనకది కూడా కాగితం పెట్టి చూశా. అది బాగానే ఉంది. మూతలు పెడుతున్నా. ఇప్పుడు “బిగించండి” అనొచ్చు, అందులో సిగ్గేం లేదు.

ప్లగ్గు… ముందు చేత్తో, తర్వాత పానాతో. పెట్టా. టోపీ పెట్టా. చోక్ లాగనా?… లాగా.

కొడుతున్నా. చెవి దూరంగా పెట్టుకోండి.

…

లేదు. దగ్గింది, అంతే… మళ్ళీ?

…

వింటున్నారా! అల్లుడుగారూ, వింటున్నారా! లేచింది! రెండో కిక్కుకి లేచింది!… ఫోను ఇంజను దగ్గర పెడుతున్నా, చూడండి… కాదు, వినండి… ఎలా ఉంది? టిక్కుటిక్కుమంటోందా?… అంతే ఉండాలా? చాలా?… చాలు!

మీ చేయి చల్లగుండ… అదే, నా చేయి. మీ తల చల్లగుండ.

ఉంటా మరి, వెళ్ళాలి… ఏమిటి, లారీ ఆగిందా? ఎందుకు?… చీఫ్ గారి క్యాంపు ఆఫీసు దగ్గరా! రోడ్డు మీదిదాకా కుర్చీలు వేశారా… జనం తప్పుకోవట్లేదా. అంటే మొదలైపోయిందా?

ఉండండి, మాట్లాడకండి… ఎవరదీ, మైకులో?… నా పేరే! నా పేరే పిలుస్తున్నారు బాబూ! మాది చివర్లో అన్నారే! ముందుకి జరిపించాడు, వాడే జరిపించుంటాడు — గట్టు జరిపినవాడికి ఇదో లెక్కా!

పలకండి! “వస్తోంది” అని అరవండి!… పేరు చెప్పాలంటున్నారా…

తెలుసు. అత్త పేరు అల్లుడి నోట రాకూడదు, తెలుసు. “నాలియాకా వాళ్ళమ్మ” అనండి… అన్నారా? ఏమంటున్నారు?… నాలియాకాలు నలుగురున్నారట. ఖర్మ!

రెండోసారి పిలిచారు. మూడోసారి అయిపోతే అయిపోయినట్టే…

బాబూ, స్పీకర్ నొక్కండి. నొక్కారా? ఇప్పుడు లేచి నిలబడండి… నిక్కరైతే నిక్కరే, ఎవడూ నిక్కరు చూడడు, ఫోన్ చూస్తారు! చెయ్యి పైకెత్తండి. ఎంత ఎత్తు వస్తే అంత ఎత్తు. ఎత్తారా?

ఉన్నానండీ! చీఫ్ గారూ! నేను నాబలాయోని! ఉన్నాను! ఇదిగో పలుకుతున్నా! నా పేరు కొట్టెయ్యకండి, బండి మీద బయల్దేరా!

… ఎవరిదా గొంతు? సికుకూ, నువ్వేనా? బండి చచ్చిందంటున్నావా? అల్లుడుగారూ, ఫోన్ దించకండి. ఇదిగో విను… విన్నావా? మీ అన్న బండి. మీ అన్నకన్నా గట్టిగా అరుస్తోంది.

… నవ్వుతున్నారెందుకు అందరూ? చీఫ్ గారేమన్నారు? చెప్పండి, నాకు వినబడలేదు… ఫోన్లో పలికితే పలికినట్టేనా కాదా?… “సగం పలికినట్టు.” సగమేమిటి మళ్ళీ!… మిగతా సగం వచ్చి పలకాలి. ఆయన టీ తాగేదాకా ఆగుతారట. ఇప్పుడే పోశారట.

ఎంత కప్పు? పెద్దదా, చిన్నదా?… చిన్నదా! వేడిగా ఉందా?

… పొగలొస్తున్నాయా! అయితే కాస్త ఊదుకుని తాగమనండి. పెట్టేస్తున్నా—