ఒకే ఒక్క అభ్యంతరం

బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు మూతపడింది. ఆ స్థలంలో సోలార్ పలకలు పరిచే ప్రణాళిక గురించి చుట్టుపక్కల జనం ఏమంటారో వినడానికి ఒక అధికారి వచ్చాడు. పాపం, నూరు కుర్చీలు వేయించుకుని పొద్దుటి నుంచీ కూర్చుంటే వచ్చింది ఒకే ఒక్క మనిషి, ప్లాంటు క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు వండి వార్చిన ముసలావిడ.

"మిగతావాళ్లు రాలేదేం, మామ్మగారూ?"

"ఉంటే కదా నాయనా రావడానికి! పనులు పోయాక పిట్టల్లా ఎగిరిపోయారు. మా వరుసలో పద్దెనిమిది ఇళ్లుంటే పదిహేడింటికి తాళాలే."

"సోలార్ రావడం మీకిష్టమేనా?"

"నిక్షేపంగా రానీ. ఆ బొగ్గు మసికి నా దండెం మీద తెల్లబట్ట తెల్లగా ఆరిందెప్పుడు? ఇంతకీ పనికి ఎంతమంది వస్తారు?"

"కట్టేటప్పుడు చాలామందే వస్తారు. తర్వాత నడపడానికి నలుగురు చాలు. వాళ్లూ పొద్దున వచ్చి సాయంత్రం పోతారు."

"నలుగురేనా! మా క్యాంటీన్‌లో ఉల్లిపాయలు తరగడానికే ఆరుగురం ఉండేవాళ్లం. కళ్లనీళ్లు కారుతుంటే ఒకళ్లను చూసి ఒకళ్లు నవ్వుకునేవాళ్లం."

అతను కూడా నవ్వి, కాగితాలు సంచిలో సర్దుకుని లేచాడు. ఆవిడ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"అప్పుడే లేచావేం?"

"మీకు అభ్యంతరం లేదన్నారుగా, నా పని అయిపోయింది. ఎవరైనా అభ్యంతరం చెబితేనే నెల తిరిగేలోగా మళ్లీ వచ్చి జవాబు చెప్పాలి."

"వచ్చేది నువ్వేనా?"

"నేనే."

"అయితే ఆ కాగితాలు బయటికి తియ్యి. నాకో అభ్యంతరం ఉంది."

"ఏమిటండీ?"

"ఏమిటో ఇంకా అనుకోలేదు. ముందు నువ్వు కూర్చో నాయనా."