ఈడ జర పైలం

ఎనభైల చివర్లో ఒక పొద్దున, జనగామ స్టేషన్‌లో సికింద్రాబాద్ బండి కోసం నిలబడ్డారు, ఒకే ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఇద్దరు. అతడే ముందుగా ఆమెను పలకరించాడు.

"చెల్లె, నీ పత్తి తూకాల ప్రోగ్రాం తప్పు లెక్కలిస్తున్నది. తప్పు ఏడున్నదో దొరుకుతలేదు."

"ఏ వరుస ఎందుకో పక్కనే రాసిపెట్టిన గదన్నా."

"ఆ రాతలన్నీ నేనే తీసేసి సాఫు జేసిన. ప్రోగ్రాం చూడంగనే ముచ్చటగ ఉండాలె. నువ్వేమో ఇంగ్లీషు అక్షరాలల్ల మన మాటలు రాస్తివి. 'ఈడ జర పైలం, పత్తి తడిగున్నదేమో' అని!"

"పైలంగ, జాగ్రత్తగ ఉండాల్సిన జాగ గనుకనే రాసిన. తడి పత్తి తూకం ఎక్కువ చూపిస్తది."

"మన ఆఫీసు పెద్ద సార్ది కోస్తా. అందరి ముందట చదివి నవ్విండు."

"ఆయనకు మన మాట కొత్త, నవ్విండు. నువ్వెందుకు నవ్వినవు? మనది ఒక్క ఊరే గద!"

అతడు పట్టాల వైపు చూశాడు. దూరంగా బండి కూత పెట్టింది.

"ఆ మాట యాదికున్నది చెల్లె. ఏ వరుస కాడ రాసినవో యాదికి లేదు. ఆఫీసుకు పోంగనే సార్ అడుగుతడు. జర చెప్పరాదు?"

"ఏ భాషల చెప్పమంటవన్నా?"