తెర మీద ముఖం, తీగ మీద గొంతు: శ్రీమతి బుల్లెమ్మ గారి పదిహేనేళ్ళు

1964వ సంవత్సరం జూన్ నెల ఎనిమిదవ తేదీ సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు శ్రీమతి కొత్తపల్లి బుల్లెమ్మ గారు మన కర్మాగారపు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరారు. ఆనాడు హాజరుపట్టీలో వారి పేరు రాసింది ఈ వ్యాసకర్తే గనుక తేదీ విషయంలో ఎవరూ సందేహపడనక్కరలేదు. అప్పటికి మన ప్రహరీ గోడ సగమే లేచింది. పటాన్‌చెరు దాటితే సంగారెడ్డి దాకా రోడ్డుకు రెండు పక్కలా జొన్నచేలే. ఎక్స్ఛేంజి అంటే ఒక రేకుల గది, ఒక చెక్క బోర్డు, నలభై తీగలు. పదిహేను సంవత్సరాల రెండు నెలల ఇరవైమూడు రోజుల సేవానంతరం ఈ ఆగస్టు ముప్పైయొకటవ తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు. టైం ఆఫీసువాణ్ణి కాబట్టి రోజులతో సహా చెప్పాను, అలవాటు మానదు.

ఇస్నాపూర్‌లో పుట్టి, ఈ టైం ఆఫీసులోనే తల నెరిసిన నాకు, మనోరంజన సంఘం కార్యదర్శి హోదాలో ఈ అభినందన రాసే గౌరవం దక్కింది. అయితే గౌరవంతో పాటు నేను ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటి ఉంది. అది దాని చోట చెబుతాను.

బుల్లెమ్మ గారు కాకినాడ దగ్గరి పల్లెలో జన్మించి, పద్నాలుగవ ఏట నాటక సమాజంలో అడుగుపెట్టి, ఆ సమాజంలోనే హార్మోనియం వాయించే శ్రీ సూర్యారావు గారిని వివాహమాడి, 1947లో ఆయనతో కలిసి మద్రాసు చేరారు. అక్కడ పదిహేనేళ్ళపాటు చలనచిత్ర రంగంలో పనిచేశారు. చిత్రమేమంటే, ఆ పదిహేనేళ్ళలో వారు తెర మీద కనబడిన చోట మాట లేదు, మాట వినబడిన చోట వారు లేరు. పొరుగు భాషల చిత్రాలను తెలుగులోకి మార్చేటప్పుడు రాణులకు, దేవతలకు, ఒక చిత్రంలో శాపం పెట్టే నాగుపాముకు కూడా గొంతు అరువిచ్చారు. ముఖం చూపించవలసి వచ్చినప్పుడు మాత్రం పెళ్ళి పందిట్లో నాలుగో వరుసలో అక్షింతలు పట్టుకుని నిలబెట్టారు. ఇది అన్యాయమని నేనంటాను. వారు మాత్రం ఎన్నడూ అనలేదు. ఒక్కసారి, మా నాటకానికి రిహార్సలు జరుగుతుండగా, టీ తాగుతూ నాతో మెల్లగా అన్నారు:

"సత్తయ్య గారూ, ఒక్కసారి నా ముఖమూ, నా గొంతూ కలిసి తెర మీదికి రావాలండీ. ఒక్కసారి వస్తే చాలు. వేషం ఎంత చిన్నదైనా సరే."

1962లో సూర్యారావు గారు స్వర్గస్థులయ్యాక, కుమార్తె చిరంజీవి వెంకటలక్ష్మిని పెంచడం కోసం బుల్లెమ్మ గారు స్టూడియోలోనే టెలిఫోన్ బోర్డు పని నేర్చుకున్నారు. రెండేళ్ళ తరువాత పత్రికలో మన ప్రకటన చూసి దరఖాస్తు పంపారు. వయసు నలభై మూడు, నియమం ఒప్పదు. ఆనాటి పర్సనెల్ అధికారి శ్రీ భీమశంకరం గారు ఆ సంగతి చెప్పడానికే మద్రాసుకు ట్రంకు కాల్ చేసి, అవతలి గొంతు విని, చెప్పవలసింది చెప్పకుండా, ఎప్పుడు చేరగలరని అడిగారట. మన కర్మాగారంలో నియమం సడలించి జరిగిన మంచిపనులు తక్కువ. అందులో ఇది మొదటిది.

ఆ గొంతు గురించి ఈ సంచిక చదివేవారికి నేను చెప్పేదేముంది? "నమస్కారమండీ, ఎక్స్ఛేంజి" అన్న రెండు మాటలతో మన మూడు షిఫ్టులూ తెల్లవారాయి, పొద్దుగూకాయి. నలభై తీగలు మూడు వందలైనా ఏ తీగ చివర ఎవరుంటారో వారికి కంఠతా వచ్చు. ఫౌండ్రీలో పనిచేసే ఐలన్న "అమ్మా, జెర క్యాంటీన్‌కు కలుపుండ్రి" అనగానే, "కలుపుతాను గానీ ఐలన్నా, ఆ దగ్గేమిటి? ముందు డిస్పెన్సరీకి వెళ్ళు" అని డిస్పెన్సరీకే కలిపేవారు. ఐలన్న క్యాంటీనే అనుకుని డాక్టరును రెండు చాయ్‌లు పంపమన్న ఉదంతం అందరికీ తెలిసిందే. 1967లో రంగుల షాపు అంటుకున్న నాడు, పక్క గోడ వేడెక్కి గదిలో పొగ నిండినా, చివరి ఫైరింజను వచ్చేదాకా వారు బోర్డు ముందు నుంచి లేవలేదు. మన సంఘం నాటకాలకు జిల్లాస్థాయిలో వచ్చిన ఏడు బహుమతులలో అయిదు వారి చలవే. మిగిలిన రెండూ సెట్టింగులకు వచ్చాయి.

ఇక 1970. ఒక సినిమా కంపెనీ మన గేటు ముందు చిత్రీకరణకు వచ్చింది. లోపల ప్రమాదం జరిగిందని విని, టిఫిన్ క్యారియరు పట్టుకుని కొడుకు కోసం గేటు దగ్గర ఎదురుచూసే తల్లి వేషానికి బుల్లెమ్మ గారిని అడిగారు. రెండు దృశ్యాలు, అయిదు వాక్యాలు. యాజమాన్యం అనుమతించింది. వారు ఆ అయిదు వాక్యాలూ చెబుతుంటే మన సెక్యూరిటీ సోమయ్య నిజంగానే గేటు తెరిచి, "పో అమ్మా, లోపలికి పోయి సూస్కో" అన్నాడు. దృశ్యం మళ్ళీ తీయవలసి వచ్చింది. గొంతు తరువాత మద్రాసులో పలికించుకుంటామని కంపెనీవారు చెప్పి వెళ్ళారు.

రెండు నెలలకు వారి నుంచి టెలిగ్రాం వచ్చింది: ఎల్లుండి ఉదయానికల్లా మద్రాసు రావలెను. బుల్లెమ్మ గారు సెలవు కాగితం నా బల్ల మీద పెట్టారు. సెలవుకు మూడు రోజుల ముందు తెలియజేయాలని నియమం. నేను ఎర్ర సిరాతో "గడువు చాలదు" అని రాసి తిప్పి పంపాను. అది ఏ పనికో అడగలేదు. వారూ చెప్పలేదు. ఆ కాగితం భీమశంకరం గారి గదికి పోతే అయిదు నిమిషాలలో సంతకమయ్యేది. నాకు నియమమే దేవుడు ఆ రోజుల్లో.

చిత్రం 1971లో పటాన్‌చెరు టూరింగు టాకీసుకు వచ్చింది. మొదటి ఆదివారం మూడు లారీల జనం తరలివెళ్ళాము. బుల్లెమ్మ గారు, వెంకటలక్ష్మి ముందు వరుస కుర్చీలలో. బంతిపూల దండ పట్టుకుని నేను వెనకాల. గేటు దృశ్యం వచ్చింది. టిఫిన్ క్యారియరుతో బుల్లెమ్మ గారు తెర నిండా నిలబడ్డారు. ఈలలు, చప్పట్లు. వారు నోరు తెరిచారు. ఆ నోటి నుంచి ఎవరిదో సన్నటి, కొత్త గొంతు వచ్చింది.

డేరా అంతా ఒక్క క్షణం బిత్తరపోయింది. తరువాత ఐలన్న లేచాడు.

"ఆపుండ్రి! సౌండు పెట్టె ఖరాబైంది! గిది మా అమ్మ గొంతు గాదు!"

రోజూ పదిసార్లు విన్న గొంతు. తమ చెవులు తప్పవు. కనుక తప్పు యంత్రానిదే. యంత్రం చెడితే మనవాళ్ళు చూస్తూ ఊరుకుంటారా? మన మెయింటెనెన్సు ఎలక్ట్రీషియన్లు లింగం, చిన్నరాములు ప్రొజెక్టరు గదిలోకి ఎక్కి, ఆపరేటరు లబోదిబోమంటున్నా వినకుండా, ఆంప్లిఫయరు మూత విప్పి, పావుగంటలో అన్ని జాయింట్లూ బిగించి, మళ్ళీ నడపమన్నారు. నడిపారు. మళ్ళీ అదే సన్నటి గొంతు, కాకపోతే మునుపటికంటే స్పష్టంగా. "ఇగ సూడు, ఇంకో వాల్వు మార్చాలె" అంటూ లింగం స్క్రూడ్రైవరు తీస్తుండగా బుల్లెమ్మ గారు లేచి వెనక్కు తిరిగారు.

"పెట్టె బాగానే ఉంది నాయనా. దాన్నేం చెయ్యకండి. గొంతే నాది కాదు. నేను వెళ్ళలేకపోయాను, వేరే ఆవిడ చేత చెప్పించుకున్నారు. పాపం, ఆవిడ కూడా బాగానే చెప్పింది. కూర్చోండి, సినిమా చూద్దాం."

అందరూ కూర్చున్నారు. నేను మాత్రం దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎందుకు వెళ్ళలేకపోయారో ఆ డేరాలో వారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. సిగ్గుతో నాకు తెర కనబడలేదు. మరునాడు ఎక్స్ఛేంజి గదికి పోయి, "అమ్మా, గా సెలవు కాయితం..." అని మొదలుపెట్టాను. వారు చెయ్యెత్తి ఆపారు. "నియమం మీరు పెట్టింది కాదు కదండీ" అని, మోగుతున్న తీగ అందుకున్నారు. నన్ను తిట్టి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు.

1977లో హైదరాబాదుకు టీవీ వచ్చింది. ఆ ఏడు చివర, ముసలితనంలో మనుమరాలి దగ్గర సంతకం నేర్చుకునే అవ్వ పాత్రకు బుల్లెమ్మ గారిని టీవీవారు ఎంపిక చేశారు. ప్రధాన పాత్ర, అరగంట నాటకం, ముఖమూ గొంతూ వారివే. ఈసారి సెలవు కాగితం నా బల్ల మీద పది నిమిషాలు కూడా లేదు. నేనే మోసుకెళ్ళి భీమశంకరం గారి చేత సంతకం చేయించి, వారి చేతికిచ్చాను.

ప్రసారం 1978 ఫిబ్రవరి పంతొమ్మిదవ తేదీ ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు. మన క్లబ్బు హాలులో అయిదు వందలమంది. ముందు వరుసలో ఎర్ర శాలువా కప్పిన కుర్చీ. ఆరున్నరకు క్లబ్బు ఫోను మోగింది.

"సత్తయ్య గారూ, నేను రావడం లేదండీ. రాధమ్మకు నొప్పులు మొదలయ్యాయి, ఇప్పుడే జీపులో ఆసుపత్రికి పంపాను. రాత్రి షిఫ్టు అబ్బాయి ఊళ్ళో లేడు. బోర్డు వదిలి రాలేను."

రాధమ్మ ఆ సాయంత్రం షిఫ్టు ఆపరేటరు. బోర్డు పని తెలిసినవారు కర్మాగారంలో ఇంకెవరూ లేరు. పద్నాలుగవ ఏట నాటకాల్లో అడుగుపెట్టింది మొదలు నలభై మూడేళ్ళు ఎదురుచూసిన అరగంట గడిచిపోబోతోంది. ఈసారి అడ్డం వచ్చిన నియమం కూడా లేదు. వారంతట వారే కూర్చున్నారు. నాకేం తోచిందో, ఫోను తీగ సాగినంత దూరం సాగదీసి టీవీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. రిసీవరు టీవీ దగ్గర పెట్టి, నడుమ నడుమ నా నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.

"అమ్మా, మీ గొంతు ఇనబడుతున్నదా?"

"వినబడుతోందండీ. నేనెలా ఉన్నాను?"

"తెల్ల చీర. పలక ఒళ్ళె వెట్టుకున్నరు. బలపం ఉల్టా పట్టిండ్రు. పిల్ల నవ్వుతున్నది."

"ఒక్క నిముషం ఉండండి, ఫౌండ్రీ పిలుస్తోంది." టక్కున ప్లగ్గు చప్పుడు. "ఆఁ, వచ్చాను. ఇప్పుడేం చేస్తున్నాను?"

"పేరు రాసిండ్రు. పలక దూరం వెట్టి సూస్తున్నరు. అమ్మా, నవ్వుతున్నరో ఏడుస్తున్నరో నాకు సమజైతలేదు."

"రెండూనండీ" అన్నారు వారు. "అలాగే చేశాను."

నాటకం ముగిసింది. అయిదు వందలమంది చప్పట్లు కొడుతుంటే రిసీవరు పైకెత్తి పట్టుకున్నాను. చప్పట్లు తగ్గాక చెవికి పెట్టుకున్నాను.

"సత్తయ్య గారూ, గొంతు నాదే కదూ?"

"మీదే అమ్మా. ముఖం గూడ మీదే. నేను సూసిన."

ఆ రాత్రే రాధమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఆ నాటకాన్ని మళ్ళీ ప్రసారం చేయలేదు. టేపు మిగలలేదని టీవీవారు చెప్పారు. కర్మాగారమంతా చూసిన బుల్లెమ్మ గారిని ఒక్క బుల్లెమ్మ గారే చూడలేదు.

వారు ఈ జులైలో నటించిన రెండవ టీవీ నాటకం, పదవీ విరమణ జరిగిన తొమ్మిదవ నాడు, సెప్టెంబరు తొమ్మిదవ తేదీ ఆదివారం సాయంత్రం ఏడింటికి ప్రసారమవుతుందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. అదే ఎర్ర శాలువా, అదే కుర్చీ. పక్క కుర్చీలో రాధమ్మ తన బిడ్డతో కూర్చుంటుంది, ఎందుకంటే ఆ సాయంత్రం ఆమె షిఫ్టులో బోర్డు ముందు నేనుంటాను. నెల రోజులుగా మధ్యాహ్నం భోజనం వేళ బుల్లెమ్మ గారి దగ్గరే పని నేర్చుకుంటున్నాను. జనరల్ మేనేజరు గారిని రెండుసార్లు క్యాంటీనుకు కలిపిన మాట నిజమే గానీ, ఇప్పుడు చెయ్యి కుదిరింది. ఎందుకు నేర్చుకుంటున్నానో వారికి చెప్పలేదు. ఈ పుటలోనే చదువుతారు.

అమ్మా, మీ కన్ను మసకబారకుండా, చెవి మందగించకుండా, ఆ గొంతులో ఒక్క జీర కూడా పడకుండా, వెంకటలక్ష్మి పిల్లలకు పెళ్ళిళ్ళు చేసేదాకా, ఆ తరువాత కూడా, ఆయురారోగ్యాలతో మీరు మా మధ్య తిరగాలని కర్మాగారం మూడు షిఫ్టుల తరఫునా కోరుకుంటున్నాను. ఆ ఆదివారం ఏడు గంటలకు క్లబ్బు ఫోను మోగుతుంది. మోగించేది నేనే. ఈసారి అడిగేది నేను, తెర చూస్తూ చెప్పవలసింది మీరు: ఎట్లున్నరమ్మా?

పి. సత్తయ్య
టైం ఆఫీసు