మూయని ఫిర్యాదు

లినక్స్ కంప్యూటర్‌లో ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసే ప్రోగ్రామ్ మళ్ళీ మొరాయించేసరికి, కుట్టుపని చేసే ఆవిడ దాన్ని రాసినాయనకే ఫోన్ చేసింది.

“సేవ్ నొక్కగానే ప్రోగ్రామే మాయమైపోతోంది బాబూ. సాయంత్రానికి గౌను ఇచ్చెయ్యాలి.”

“దానికి ముందు ఏం చేశారమ్మా?”

“నేనేం చెయ్యలేదు.”

“అందరూ అదే అంటారు.”

“డిజైన్‌కి పేరు పెట్టాను, అంతే. గులాబీ అని రాసి, పక్కన ఓ వాలుగీత (/) కొట్టి, పెద్దది అని రాశా.”

“పేరులో ఆ గీత ఉంటే కంప్యూటర్ దాన్ని ఫోల్డర్ అనుకుంటుంది. తీసేసి చూడండి.”

ఆవిడ గీత తీసేసి మళ్ళీ సేవ్ నొక్కింది.

“హమ్మయ్య, సేవ్ అయింది. నా తప్పేనన్నమాట.”

“కాదమ్మా, నాదే. అలా పేరు పెట్టినా మూతపడకూడదు. సరిచేస్తాను.”

“పోయినసారీ నువ్వే గట్టెక్కించావు. ఆ మాట ఎక్కడ రాయాలో తెలీక నీ ప్రోగ్రామ్ ఫిర్యాదుల పేజీలోనే రాసేశా.”

“చూశాను. ‘సమస్య ఏమీ లేదు, బాగా పనిచేస్తోంది, చల్లగా ఉండు నాయనా’ అని.”

“అయ్యో, అక్కడ రాయకూడదేమో. తీసెయ్యి బాబూ.”

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది.

“మిగతా ఫిర్యాదులన్నీ పరిష్కరించి మూసేస్తుంటానమ్మా. అక్కడ సగం తిట్లే. ఇక ఈ పని మానేద్దాం అనిపించినప్పుడల్లా మీది చదువుకుంటాను. అదొక్కటీ ఇంకా మూయలేదు.”