వంకాయ వాతం

కడపలో కీళ్ల డాక్టరును కలిసి బయటికొచ్చిన భార్యాభర్తలు ఆటో కోసం నిలబడ్డారు. భర్త ముందుగా నోరు విప్పాడు.

“జబ్బు ముదరలేదంట. మాత్రలు అవే చాలంట. బతికినాం.”

“మరి చేతి ఏళ్లు ఏంటికి బిగుసుకుంటాండాయి?”

“కోపం దిగమింగితే నొప్పి ఎక్కువైతాదంట. ఎవరి మీద కోపమని డాక్టరు అడిగితే చెప్పకపోతివి.”

“మీ ముందర ఎట్ల చెప్పేది?”

“మా అక్క మీదనా?”

“ఆయమ్మ వచ్చినప్పుడల్లా గుత్తివంకాయ చేస్తా. ఉప్పు తక్కువంటానే గిన్నె ఖాళీ చేస్తాది. తెల్లారితే నాకు నొప్పులు. వంకాయే వాతం చేస్తాండాదని తినేదే మానేస్తిని.”

“పాపం, వంకాయ.”

“పోతా పోతా లేతవి తీసుకుందాం.”

“అక్కను గూడా పిలుద్దామా?”

“పిలవండి. ఈసారి నేను దిగమింగేది వంకాయ ఒకటే.”